టికెట్టు దగ్గర పొట్టి, ఆట దగ్గర పొడుగు

వేసవి సెలవులకు ప్లాను వేయడం అనే పని మా రోజుల్లో ఎవరికీ ఉండేది కాదు. ఆఖరి పరీక్ష రాసిన సాయంత్రం పుస్తకాల సంచి అటకెక్కేది, మేము వీధిన పడేవాళ్ళం. అన్నం వేళకూ, క్షవరానికీ పట్టుకోవలసి వచ్చినప్పుడు తప్ప మేమెక్కడున్నామో పెద్దవాళ్ళు అడిగేవాళ్ళు కాదు. ఇప్పుడు మా ఇంట్లో సంక్రాంతి ముగ్గు చెరగకముందే మే నెల మాటలు మొదలవుతాయి. మా అబ్బాయి, కోడలు, చెన్నైలో ఉండే అమ్మాయి, అల్లుడు కలిసి ఫోనులో ఒక గ్రూపు పెట్టారు. నన్నూ చేర్చుకున్నారు. చేర్చుకుని, "మీరు చూస్తే చాలు మామయ్యా, ఏమీ పెట్టొద్దు" అని కోడలు మర్యాదగా చెప్పింది. చూస్తూనే ఉన్నాను. ఏ పార్కుకు టికెట్టెంత, ఏ రోజు రద్దీ తక్కువ, ఏ ఆటకు ఎంత ఎత్తుండాలి, లోపల ఇడ్లీ దొరుకుతుందా, కారు ఎక్కడ పెడితే నీడ ఉంటుంది. కూతురి పెళ్ళికి నేను ఇన్ని లెక్కలు వేయలేదు.

ఈ హంగామా అంతా ఆరేళ్ళ మనవరాలి కోసం, మూడున్నరేళ్ళ మనవడి కోసం. వాడికింకా ఏ చెప్పు ఏ కాలిదో తెలియదు.

మాది ఏంబలం. పుదుచ్చేరి పట్నానికి నైరుతిగా, విల్లియనూరుకూ బాహూరుకూ మధ్య వరి, చెరుకు పండే ఊరు. మా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మా తాతల కాలంలో కాగితాల మీద ఫ్రెంచి. అమ్మమ్మగారి ఊరు సరిహద్దుకు అవతల. పుదుచ్చేరి పటం చూసినవాళ్ళకు తెలుసు, ఇక్కడ ఒక ఊరు మనది, పక్క ఊరు తమిళనాడుది, ఆ పై ఊరు మళ్ళీ మనది. మా నాయన చిన్నతనంలో సెలవులకు మేనమామ ఇంటికి వెళ్ళడమంటే నిజంగానే దేశం దాటడం. సుంకం చౌకీ దగ్గర బండి ఆపి మూటలు విప్పి చూసేవాళ్ళట. 1954 నవంబరు 1న ఫ్రెంచివాళ్ళు పాలన అప్పగించాక ఆ తనిఖీ పోయింది. పోయిన చాలా ఏళ్ళకు కూడా మా నాయన ఆ చోటికి రాగానే ఎద్దుల్ని నెమ్మది చేసేవాడు. విదేశీయానం అంటే మాకు తెలిసింది అదే, అదీ సజ్జరొట్టెల మూటతో.

మరి అమ్మమ్మగారి ఊరికి వెళ్ళి ఏం చేసేవాళ్ళం? ఇప్పటివాళ్ళు అడిగే ప్రశ్న ఇదే. "యాక్టివిటీ ఏముండేది నాయనా?" అంటాడు మా అబ్బాయి. ఏమీ లేదురా. పొద్దున లేచి తాటితోపులోకి పోయేవాళ్ళం. ఎక్కగలిగినవాడు ఎక్కి గెలలు కోసేవాడు, మిగతావాళ్ళం బొటనవేలితో ముంజలు తోడుకుని తినేవాళ్ళం, మొహం, చొక్కా అంతా జిగురు. పదకొండు గంటలకు ఎండ ముదిరితే అరుగు మీద వామనగుంతలు. మధ్యాహ్నం పెద్దవాళ్ళు తలుపులు మూసి పడుకుంటే అసలు ఆట అప్పుడు మొదలయ్యేది, చప్పుడు కాకుండా ఆడాలి కాబట్టి. సాయంత్రం చెరువు. బాహూరు చెరువు ఈ ప్రాంతంలో ఊసుడు చెరువు తర్వాత పెద్దది, దక్షిణ పెన్న నుంచి బంగారు కాలువ వచ్చి దాన్ని నింపుతుంది. వేసవికి నీళ్ళు నడిమికి తగ్గి, చుట్టూ పగుళ్ళిచ్చిన బురద నేల మిగిలేది. ఆ నేల మీద బిళ్ళంగోడు ఆడితే బిళ్ళ ఏ నెర్రెలో పడిందో వెతుక్కోవడానికే సగం పొద్దు పోయేది. దీనికి ఎత్తు నిబంధన లేదు. పొట్టివాళ్ళను "ఉత్తుత్తి" కింద చేర్చుకునేవాళ్ళం, అంటే వాడు ఆడతాడు గానీ వాడు అవుటైనా లెక్క కాదు. మూడేళ్ళవాణ్ని ఎలా ఆడించాలో పిల్లలకే తెలిసిన విద్య అది. ఏ పార్కు యజమానీ ఇంతవరకు దాన్ని కనిపెట్టలేదు.

యంత్రాల ఆటలు మాకు తెలియవని అనుకోకండి. తమిళుల ఆడి నెలలో వీరాంపట్టణం తేరు ఉంది. సముద్రం ఒడ్డున సెంగళునీర్ అమ్మవారి గుడి. ఫ్రెంచి గవర్నరు వచ్చి తాడు పట్టుకుంటేగానీ తేరు కదిలేది కాదు. ఆ మర్యాద ఇప్పటికీ ఉంది, లెఫ్టినెంట్ గవర్నరు వచ్చి లాగుతారు. మాకు గవర్నరుతో పనిలేదు, తేరు వెనక వచ్చే రంగులరాట్నంతో పని. కర్రది, నాలుగు పెట్టెలు, ఇద్దరు మనుషులు చేతులతో తిప్పేవాళ్ళు. దాని టికెట్టుకు ధర ఖాయంగా ఉండేది కాదు, బేరం. "ఇంకో నాలుగు చుట్లు అన్నా" అని పైనుంచి అరిస్తే కింద ఆయన నవ్వి తిప్పేవాడు. వెనక ఎవరూ లేకపోతే పది చుట్లు. భయపడి ఏడ్చినవాడికి ఆపేవాడు, దించేవాడు, వాడి డబ్బులు వాడి చేతిలో పెట్టేవాడు. ఇప్పటి యంత్రం మొదలుపెట్టాక పిల్ల ఏడ్చినా ఆగదు. ఆపకూడదట, అదీ భద్రతే అంటాడు మా అల్లుడు. ఆయన ఇంజనీరు, నిజమే అయ్యుంటుంది. 2025 మే నెలలో చెన్నై తీరంలో ఒక ఆట గాలిలోనే బిగుసుకుపోయి, జనాన్ని దించడానికి అగ్నిమాపకదళం నిచ్చెన వేయాల్సి వచ్చిందని పేపర్లో చదివినప్పుడు మాత్రం నాకు ఆ ఇద్దరు చెమటోడ్చే మనుషులే గుర్తొచ్చారు.

పార్కు అనే సరుకు మనదేశంలోకి వచ్చిన వరస కూడా చెప్పాలి. 1982 ఆసియా ఆటల ఏనుగుపిల్ల అప్పు పేరుతో 1984లో ఢిల్లీలో అప్పూ ఘర్ తెరిచారు. 1989లో ముంబైలో ఎస్సెల్ వరల్డ్, 1991లో కలకత్తాలో నిక్కో పార్కు. అప్పూ ఘర్ 2008లో మూతపడింది, ఎస్సెల్ వరల్డ్ కూడా ఇప్పుడు లేదు. మన తెలుగునాట 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చింది. ఇక్కడ మాకు అందుబాటులో ఉన్నది చెన్నై తీరం. వాయిదాల మీద రేడియోలు, ఫ్యాన్లు అమ్మి పేరు తెచ్చుకున్న వి.జి. పన్నీర్‌దాస్ సముద్రపొడ్డున వీజీపీ గోల్డెన్ బీచ్ పెట్టాడు. తాంబరం దగ్గర కిష్కింధ పెట్టినవాడు నవోదయ అప్పచ్చన్, 1984లో దేశంలో మొదటి త్రీడీ సినిమా తీసిన నిర్మాత. తెలుగులో 'చిన్నారి చేతన'గా వచ్చింది అదే. కళ్ళద్దాలు పెట్టుకుని పక్కవాణ్ని గుద్దుతూ చూసిన తరం ఇప్పుడు గ్రూపుల్లో టికెట్ల ధరలు పెడుతోంది.

మా పిల్లలు చిన్నవాళ్ళప్పుడు మేమూ వీజీపీకి పోయాం. పిల్లల్ని ఎక్కడికీ తిప్పని మొండివాణ్ని కాను. అప్పటికి తూర్పు తీర రోడ్డు (ఈసీఆర్) ఇంకా ఇప్పటి రోడ్డు కాలేదు, తిండివనం మీదుగా బస్సు. మా ఆవిడ పులిహోర పొట్లాలు కట్టింది, పెరుగన్నంలో అల్లం వేసింది. ప్లాను అంతవరకే. అక్కడ మా పిల్లలకు ఏ ఆట గుర్తుందని మొన్న అడిగాను. ఆటలేవీ గుర్తులేవు. బొమ్మలా కదలకుండా నిలబడే మనిషి గుర్తున్నాడు. ఆయన్ను నవ్విస్తే బహుమతి అని చెప్పేవారు. మా అబ్బాయి ఆయన ముందు కోతిచేష్టలు చేసి, నాలుక బయటపెట్టి, చివరికి ఆయన నవ్వలేదని తనే కూర్చుని ఏడ్చాడు. ఇప్పుడు వాడే, నా కొడుకే, "పిల్లలకు వయసుకు తగ్గ అనుభవం కావాలి నాయనా" అని నాకు చెబుతున్నాడు.

సరే, ఇప్పటి సంగతికొద్దాం. 2025 డిసెంబరులో తిరుప్పోరూరు దగ్గర వండర్లా వచ్చాక మా గ్రూపులో వేడి పెరిగింది. 2000లో కొచ్చిలో మొదలై, బెంగళూరు, హైదరాబాదు, భువనేశ్వర్ తిరిగి ఇప్పుడు చెన్నైకి వచ్చిన సంస్థ. పొద్దున్నే బయల్దేరితే రెండున్నర గంటల్లో ఉంటామని మా అబ్బాయి లెక్క. ఇద్దరు చిన్నపిల్లలున్న కారు రెండున్నర గంటల్లో మరక్కాణం దాటితే అదే గొప్ప. నాకు అర్థం కానిది దూరం కాదు, కొలత.

మా రోజుల్లో పిల్లల్ని వయసుతో కొలిచేవాళ్ళు. బస్సులోనూ రైల్లోనూ అరటికెట్టు అనే పుణ్యం ఒకటుండేది కదా. ప్రతి తల్లీ బస్సెక్కేముందు పిల్లవాడి చెవిలో "కండక్టరు అడిగితే పదకొండేళ్ళని చెప్పు" అని ఊదేది. వాడు ఎనిమిదో క్లాసు. కండక్టరు అడిగేవాడు, వాడు చెప్పేవాడు, ఆయన వాణ్ని పైనుంచి కిందికి చూసి, తల్లిని చూసి, అరటికెట్టు చింపేవాడు. ఆ నాటకంలో ముగ్గురికీ పాత్ర ఉంది, ముగ్గురికీ నిజం తెలుసు. 2016 నుంచి రైల్లో బెర్తు కావాలంటే పిల్లలకూ పూర్తి ఛార్జీయే, కాబట్టి అక్కడా ఆ నాటకం చచ్చింది.

పార్కులో వయసడగరు, గోడకు నిలబెట్టి కొలుస్తారు. వండర్లాలో 85 సెంటీమీటర్లలోపు పిల్లలకు టికెట్టు లేదు, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్టు, ఆపైన పెద్దల టికెట్టు. సరిగ్గా అన్నం తినే రెండేళ్ళ పిల్ల 85 దాటేస్తుంది. అంటే మా మూడున్నరేళ్ళవాడు డబ్బు కట్టే మనిషి. లోపలికి పోయాక పెద్ద ఆటల దగ్గర ఇంకో గోడ. 120 ఉండాలి, కొన్నిచోట్ల 140 ఉండాలి. అంటే మావాడు అక్కడ మనిషి కాదు. టికెట్టు కౌంటరు దగ్గర పిల్లవాడు పొట్టిగా ఉండాలని, ఆట దగ్గర పొడుగ్గా ఉండాలని ఒకే తల్లి ఒకే పూట కోరుకోవాలి. అక్కడ మోకాళ్ళు వంచమని, ఇక్కడ మునివేళ్ళ మీద నిలబడమని చెప్పే తల్లుల్ని నేను కళ్ళారా చూశాను. అబద్ధమాడటం మా తరంతోనే పోయిందని ఎవరన్నారు? నోటితో ఆడేది ఒంటితో ఆడుతున్నారు.

కిందటేడు ఒక పార్కులో (పేరెందుకు) మా మనవరాలు ఒక ఆట కోసం గంటసేపు వరసలో నిలబడింది. వరస మొదట్లో కొలత కర్ర లేదు, చివర ఉంది. అక్కడికి చేరాక కర్ర దగ్గరున్న కుర్రాడు కొలిచి, "నాలుగు వేళ్ళు తక్కువ పాపా" అన్నాడు. ఆ పిల్ల ఏడుపు విని నాకు కోపం వచ్చిన మాట నిజమే, కానీ కుర్రాడు చేసింది తప్పని అనలేను. బిగించే పట్టీ భుజాలకు సరిపోని పిల్లను ఎక్కించడం హత్యాప్రయత్నం. ఆ కర్ర వరస మొదట్లో పాతకపోవడమే దుర్మార్గం. మూడున్నరేళ్ళవాడి సంగతి వేరు. గేటు దగ్గర చేతికి కట్టిన కాగితం పట్టీ వాడికి నచ్చింది. చెయ్యి పెడితే నీళ్ళు వచ్చే కొళాయి ఇంకా నచ్చింది, దాని ముందునుంచి కదలనన్నాడు. ఆ తర్వాత నా ఒళ్ళో బెంచీ మీద నిద్రపోయాడు. ఆ రెండు సంతోషాల కోసం కట్టిన డబ్బుతో మా ఊళ్ళో కొళాయి పెట్టించవచ్చు.

బెంచీ అన్నాను కదా, దానికో కథుంది. వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కూతుళ్ళను లాస్ ఏంజెలెస్‌లో గ్రిఫిత్ పార్కుకు తీసుకెళ్ళి, వాళ్ళు రంగులరాట్నం ఎక్కితే తను బెంచీ మీద కూర్చుని చూస్తూ, పెద్దలూ పిల్లలూ కలిసి సరదాపడే చోటు ఒకటెందుకు ఉండకూడదు అనుకున్నాడట. 1955 జూలై 17న డిస్నీల్యాండ్ తెరిచారు. ఆరోజు ఎండకు కొత్త తారు కరిగి ఆడవాళ్ళ ఎత్తుమడమలు దిగబడ్డాయి, దొంగ టికెట్లతో జనం విరుచుకుపడ్డారు, ప్లంబర్ల సమ్మె వల్ల చాలా కొళాయిల్లో నీళ్ళు లేవు. డెబ్బై ఏళ్ళయింది. ఎండ, వరస, దాహం అలాగే ఉన్నాయి. బెంచీ కూడా ఉంది, దాని మీద ఇప్పుడు తాతలు సంచులు కాపలా కాస్తున్నారు.

మా ప్రాంతంలో చాలా ఇళ్ళకు ఫ్రాన్సులో చుట్టాలున్నారు. వాళ్ళు వచ్చినప్పుడల్లా పారిస్ డిస్నీల్యాండ్ ఫోటోలు చూపిస్తారు. 1992 ఏప్రిల్ 12న తెరిచారు దాన్ని. అక్కడా కర్ర ఉంది. గని బండి ఆటకు 102 సెంటీమీటర్లు, చీకట్లో అంతరిక్షానికి పోయే దానికి 120. అంత దూరం పోయినా మనవాడు మనవాడే, కర్ర కర్రే.

ఇక బట్టలు. నీళ్ళ ఆటల్లోకి నూలు బట్టలు పనికిరావట, నైలాను ఉండాలి. నూలు పోగులూడి నీళ్ళు శుద్ధిచేసే యంత్రాల్లో చిక్కుకుంటాయని, తడిస్తే బరువెక్కుతాయని, వదులుగా ఉన్నది దేనికో తగులుకుంటుందని కారణాలు చెప్పారు, బాగానే ఉన్నాయి. నాకు పంచె తప్ప అలవాటు లేదు. "మామయ్యకు నైలాన్ షార్ట్స్, ఎక్సెల్ సైజు" అని కోడలు ఆ గ్రూపులో పెడితే అల్లుడు బొటనవేలు చూపించాడు. ఈ వయసులో నా తొడలు చెన్నై నగరానికి చూపించాలా?

ఆపైన అలల కొలను. యంత్రం పెట్టి అలలు పుట్టిస్తారు, జనం కేకలేస్తూ నిలబడతారు. మా ఏంబలానికి బంగాళాఖాతం పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు, అక్కడ అలలు పగలూ రాత్రీ ఉచితం. ఈ మాట నేను గ్రూపులో పెట్టాను, నిషేధం ఉన్నా సరే. మా అమ్మాయి వెంటనే, "ఆ సముద్రంలో పిల్లల్ని దింపుతావా నాయనా?" అని అడిగింది. దింపను. మా సముద్రం కాళ్ళకింద ఇసుక లాగేసి మనిషిని లోపలికి పట్టుకుపోతుంది. కొలనులో ఈలవేసి బయటికి రమ్మనే మనిషి ఒకడున్నాడు. ఈ ఒక్క వాదనలో వాళ్ళది పైచేయి.

డబ్బు సంగతికి వస్తే, వరసలో నిలబడకుండా ముందుకు పోయే టికెట్టు వేరే. తిరుమలలో 300 రూపాయల దర్శనానికి అలవాటుపడ్డవాళ్ళం, దేవుడి దగ్గర లేని సిగ్గు రంగులరాట్నం దగ్గర ఎందుకు? ప్రభుత్వమూ తక్కువ తినలేదు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు వీటి మీద 28 శాతం వేసి, 2018 జనవరిలో 18కి తగ్గించారు. ఆ ఉత్తర్వులో రంగులరాట్నాన్ని పేరు పెట్టి మరీ చేర్చారు. వీరాంపట్టణం కర్ర పెట్టెల వాళ్ళు ఆ సంగతి తెలియకుండానే పోయారు, అదృష్టవంతులు.

అన్నిటికన్నా నన్ను బాధించేది మే నెల. మన పంచాంగంలో మే 4న డొల్లు కర్తరి, 11న నిజ కర్తరి మొదలై 28 దాకా ఉంటుంది. ఇక్కడి తమిళులు కత్తిరి వెయిల్ అంటారు, అగ్నినక్షత్రం అంటారు. కర్తరిలో బావి తవ్వరు, ఇల్లు కప్పరు. మట్టి పనివాడికే ఎండనుంచి విడుపు ఇచ్చిన పెద్దల బుద్ధి అది. మధ్యాహ్నం పన్నెండుకు మూడేళ్ళ పిల్లను సిమెంటు నేల మీద వరసలో నిలబెట్టకూడదని మాత్రం వాళ్ళు రాయలేదు. అలా నిలబెట్టేవాళ్ళుంటారని వాళ్ళ ఊహకు అందలేదు. పైగా ఆ నెలలోనే ధర ఎక్కువ, జనమూ ఎక్కువ. డబ్బు ఎక్కువిచ్చి తక్కువ ఆడటానికి అందరూ ఒకే వారం ఎంచుకుంటారు.

ఇంత సణిగాను కదా, మా వేసవులన్నీ స్వర్గమని చెబితే మా ఆవిడ ఊరుకోదు. ప్రతి ఏడూ ఏదో ఒక ఊరినుంచి బావిలోనో చెరువు గుంటలోనో పిల్లవాడు పోయాడన్న కబురు వచ్చేది. పెద్దవాళ్ళు మమ్మల్ని వెతకలేదంటే అది పెంపకం కాదు, పనుల మధ్య తీరిక లేకపోవడం. ఆడపిల్లలకు పదేళ్ళు దాటితే ఆ బురద నేల కూడా లేదు, చిన్నపిల్లల్ని ఎత్తుకునే పని వాళ్ళది. ఇంకో సంగతి, సెలవులకు చుట్టాల పిల్లలు పదిహేనుమంది దిగితే వాళ్ళందరికీ కట్టెల పొయ్యి ముందు కర్తరి ఎండలో వండింది మా అమ్మమ్మ, మా అత్తలు. మేము మళ్ళీ బడికి పోయేటప్పుడు వాళ్ళకు సెలవు మొదలయ్యేది. "పార్కులో తిండి బాగోదు గానీ మామయ్యా, ఆ ఒక్కరోజు నేను వంటింటి మొహం చూడను" అని మా కోడలు అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉండకూడదు కూడా.

కాబట్టి పార్కు మీద నాకు పగ లేదు. పదేళ్ళు దాటిన పిల్లలు, కాలేజీ కుర్రాళ్ళు వెళ్ళాలి, తలకిందులుగా వేలాడాలి, అరవాలి. ఆ యంత్రాలు వాళ్ళ ఎత్తుకే చేశారు. అయిదారేళ్ళలోపు పిల్లల్ని అక్కడికి మోసుకుపోవడం మాత్రం తల్లిదండ్రులు తమ సరదాకు పిల్లల పేరు పెట్టడం. అందులో తప్పేముంది, వాళ్ళూ చిన్నవాళ్ళే, వారమంతా ఆఫీసు చాకిరీ. ఆ మాట ఒప్పుకుని, పిల్లల్ని నాలాంటివాడి దగ్గర వదిలేసి, ఇద్దరే పోయి ఆడుకుని రండి. ఎవరూ ఏమనరు.

చిన్నపిల్లలకు కావలసినవి ఇక్కడే ఉన్నాయి. పుదుచ్చేరి బొటానికల్ గార్డెన్ 1826నాటిది, ఆ చెట్ల కింద మేలోనూ చల్లగా ఉంటుంది. చుణ్ణాంబారులో పడవ ఉంది. కడలి ఒడ్డు రోడ్డు మీద సాయంత్రం ఆరు నుంచి బండ్లు ఆపేస్తారు, రెండడుగులవాడు కూడా నడిరోడ్డు మీద పరుగెత్తవచ్చు. మణకుళ వినాయగర్ గుడి ముందు లక్ష్మి అని ఏనుగుండేది, చిల్లర తీసుకుని తొండం తలమీద పెట్టేది. మా మనవరాలికి రెండేళ్ళప్పుడు పెట్టించాం, కెవ్వున అరిచి, మళ్ళీ కావాలంది. 2022 నవంబరు 30న వాహ్యాళికి పోతూ కూలి చనిపోయింది, ఊరు ఊరంతా వీధిలోకొచ్చి ఏడ్చింది.

అయినా మేము వెళ్తున్నాం. నేనూ వెళ్తున్నాను, నన్నొక్కణ్నీ ఇంట్లో వదలరట. పెద్దవాళ్ళకు రాయితీ ఉందని కోడలు కనుక్కుంది, ఆధార్ కార్డు చూపించాలి. నన్ను ఇంకా వయసుతోనే కొలుస్తున్నారు, అదొక్కటే మర్యాద మిగిలింది.

మీ ఇంట్లోనూ ఈ గ్రూపు ఉంటే ఒక ముసలివాడి మాట వినండి. టికెట్లు కొనేముందు ఇంట్లోనే గోడకు నిలబెట్టి పిల్లల ఎత్తు కొలిచి, ఏ ఆటకు ఎంతో ఆ పిల్లలకు ముందే చెప్పండి. నిద్రపోయే మధ్యాహ్నం వేళ బెంచీ ఎక్కడుందో చూసుకోండి. కర్తరి పోనివ్వండి, జూలైలోనో ఆగస్టులోనో ఒక మంగళవారం బడి ఎగ్గొట్టించి తీసుకెళ్ళండి. ఒకరోజు బడి పోతే ఆరేళ్ళ పిల్ల చదువు పాడవదు. మిగిలిన మే నెలంతా వాళ్ళను మాకొదిలేయండి.